అక్క కోసం చిక్కగా కలిపిన నీళ్ళు

ఆ కాలేజీ జీవశాస్త్రం ల్యాబులో ఆయన హోదా అటెండరు. ఆ సంగతి ఆఫీసు రిజిస్టరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. లోకానికి ఆయన దుంపల బాబాయి. ఏటా కొత్త పిల్లలు చేసే మొదటి ప్రయోగానికి బంగాళాదుంపల చెక్కు తీసి, వేలెడు పొడుగున, వెంట్రుకవాసి తేడా లేకుండా ముక్కలు కోసేది ఆయనే. పంచదార నీళ్ళు తూచి కలిపేదీ ఆయనే. ఒక్క పలుకు ఎక్కువైతే గోటితో తీసి పక్కన పెట్టేవాడు.

ముక్కలు నీళ్ళలో పడ్డాక ఏమవుతాయో మాత్రం ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ పట్టించుకోలేదు. కోసివ్వడం వరకే తన బాధ్యత. ఆపైన అది దుంపకీ సైన్సుకీ మధ్య వ్యవహారం, మూడోమనిషి తలదూర్చడం మర్యాద కాదని ఆయన సిద్ధాంతం.

ఈ ఉద్యోగం ఇప్పించింది అక్క. నాలుగేళ్ళప్పుడు అమ్మ పోతే, కుట్టుమిషన్ తొక్కుతూ ఆయన్ని పెంచింది. ల్యాబు కిటికీలకి తెరలు కుట్టి తెచ్చిన రోజున ప్రిన్సిపాల్‌తో, "మా వాడికి చదువు అబ్బలేదు గానీ చెయ్యి వణకదండీ" అని సిఫార్సు చేసింది. ఇప్పుడా అక్క, మిషన్‌తో సహా, తమ్ముడింట్లో ముందుగదిని ఏలుతోంది.

ఆ సోమవారం అక్కకి విరేచనాలు పట్టుకున్నాయి. మరదలు క్లినిక్కుకి తీసుకెళ్తే నర్సు నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లిచ్చి, ఒక్కోటి లీటరు నీళ్ళలో కలపమంది. రేపటికి తగ్గకపోతే మళ్ళీ రమ్మంది.

బాబాయి ప్యాకెట్‌ని చేతిలో తూచి చూశాడు. లీటరు నీళ్ళకి ఈ పిడికెడు పొడా? కన్నతల్లిలాంటి మనిషికి ఇంత పల్చగానా? ఒక ప్యాకెట్టు మొత్తం ఒక్క గ్లాసులో కుమ్మరించి, పైన రెండు చెంచాల పంచదార తన తరఫున వేశాడు.

అక్క ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఒరేయ్, ఇది మందా, పాకమా?"

"తాగక్కా, బలం."

"ఇది మింగడానికే ఉన్న బలం కాస్తా పోయేట్టుంది."

అయినా తమ్ముడి మాట కాదనలేక మూడు గ్లాసులు తాగింది. తెల్లారేసరికి విరేచనాలు రెట్టింపయ్యాయి. కళ్ళు లోతుకి పోయాయి, నాలుక పిడచకట్టుకుపోయింది.

"ఏమండీ, వదిన లేచి నిలబడలేకపోతున్నారు," అంది భార్య.

"ఆ మిగిలిన ప్యాకెట్ కలిపి పట్టించు. ముక్కలు కోసిచ్చి, ఆటో తీసుకుని గంటలో వచ్చేస్తా."

ఆ రోజే మొదటి ప్రయోగం మరి. ముక్కలు కోసిచ్చాడు, నీళ్ళు కలిపిచ్చాడు. పిల్లలందరికీ పంచి, అరగంటకి సెలవు అడుగుదామని, పాఠం చెప్పే మేడమ్ పక్కన నిలబడ్డాడు. ఆవిడ అప్పటికే చిక్కటి పంచదార నీళ్ళలోంచి ఒక ముక్క తీసి పిల్లలకి చూపిస్తున్నారు. పొద్దున పుల్లలా విరిగే ముక్క వానపాములా వేలాడుతోంది. పైన ముడతలు. సరిగ్గా ఆ ముడతలే ఆయన ఇందాక అక్క చేతిమీద చూశాడు.

"మేడమ్, దానికేమైంది?"

ఇరవై రెండేళ్ళలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. ల్యాబంతా తిరిగి చూసింది.

"ప్రతి కణానికీ పల్చటి పొర ఉంటుంది బాబాయ్. నీళ్ళు దాన్ని సులువుగా దాటతాయి, పంచదార దాటలేదు. బయట చిక్కగా ఉంటే లోపలి నీళ్ళు అటే వెళ్ళిపోతాయి."

 బాబాయి అక్క విరేచనాలూ, ప్యాకెట్ సంగతీ చెప్పాడు.

"ఎన్ని నీళ్ళలో కలిపారు?"

"గ్లాసు."

మేడమ్ కళ్ళజోడు తీసేశారు. "ఇక్కడ గ్రాము తేడా రానివ్వరు కదా!"

"ఇక్కడ దుంపకి మేడమ్. అక్కడ అక్కకి."

"ఆ చిక్కదనం ఆవిడ ఒంట్లో నీళ్ళని పేగులోకి లాగేస్తోంది. ముందు ఫోన్ చెయ్యండి!"

"ఆ గ్లాసు పారబొయ్యి!" అని ఆయన ఫోన్లో అరిచిన అరుపుకి అలమారలో కప్ప అస్థిపంజరం కూడా ఉలిక్కిపడి ఉంటుంది. మేడమ్ లీటరు గీత ఉన్న కొత్త ఫ్లాస్కు తీసి చేతిలో పెట్టారు. "లెక్క తప్పకపోతే పంచదారా ఉప్పూ జంటగా పేగు కణాల్లోకి పోతాయి. వాటికోసమని అక్కడొక తలుపే ఉంది. వాటి వెనకే నీళ్ళు. వెళ్ళండి!"

దారిలో మందుల కొట్లో కొత్త ప్యాకెట్ కొని ఇంటికొచ్చి, కాచి చల్లార్చిన నీళ్ళు సరిగ్గా గీత దాకా పోసి, ప్యాకెట్ కలిపి, ఆటోలో దారిపొడుగునా చెంచాతో పట్టించాడు. క్లినిక్కులో నర్సు అక్క నాడి చూసింది, గ్లాసు కథ విన్నది. విన్నాక బాబాయిని పెట్టిన చీవాట్లు వరండా చివరి బెంచీ దాకా వినపడ్డాయి. ఆయన ప్రతి చీవాటుకీ చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. "అరగంట ఆలస్యమైతే సెలైన్ ఎక్కించాల్సొచ్చేది. ఇలాగే తాగించండి, ఇక్కడే కూర్చోండి," అంది నర్సు.

మధ్యాహ్నానికి అక్క నాలుక తడిసింది. సాయంత్రానికి నోరు లేచింది.

"ఇప్పుడు నీళ్ళు నీళ్ళలా ఉన్నాయి. నిన్న నన్ను ఊరగాయ పెట్టేశావు కదరా!"

బాబాయి నవ్వబోయి ఏడ్చేశాడు. తిట్టినందుకు ఆయన ఇంత సంతోషించడం అదే మొదలు.

వారం తిరక్కుండా అక్క మిషనెక్కి, ఆ ఫ్లాస్కు వాపసు ఇవ్వడానికి దానికి మెత్తటి సంచీ కుట్టింది. మేడమ్‌కి ఒకటి, నర్సుకి ఒకటి చేతిరుమాలు అంచు కుట్టి కట్టకట్టింది. అన్నీ తమ్ముడి చేతికిస్తూ అడిగింది:

"ఆ వేలాడిన దుంపముక్క ఏదిరా?"

"పారేశానక్కా."

"అయ్యో. దానికీ ఒక దణ్ణం పెట్టాల్సింది."