యాభై రూపాయల టిప్పు

వడ్డించిన మనిషికి ఇచ్చేది చేతిలో పెట్టాలి, సోంపు ప్లేటులో వదిలి రాకూడదు. మా తాతగారి కాలం నుంచీ మా ఇంటి పద్ధతి అది. భూములన్నీ పోయినా ఆ పద్ధతిని నేను పోనివ్వలేదు.

మొన్న చోడవరం బస్టాండు దగ్గరి హోటల్లో భోజనం చేసి, బిల్లు కట్టి, నాకు వడ్డించిన నడివయసు మనిషి చేతిలో యాభై నోటు పెట్టాను. అతను దాన్ని జేబులో పెట్టుకోవడం కౌంటరు దగ్గరున్న ఓనరు చూశాడు. మా ఇంటి సంగతులన్నీ తెలిసినవాడే. లేచి వచ్చి అతని చెంప పగలగొట్టాడు.

"బిల్లులో ఏటి తగ్గించేవురా? చేపల పులుసు రాయనేదా?"

"అన్నీ రాసేనండి. బాబుగారు టిప్పిచ్చేరండి."

"ఆల్లు యాభై టిప్పిచ్చే రోజులు ఎప్పుడో పోయేయి. ఆల్లకే నేదు, నీకేటిత్తారు?" అంటూ మళ్ళీ కొట్టాడు. అతని పెదవి చిట్లి రక్తం వచ్చింది.

టేబుల్ మీది స్టీలు జగ్గు తీసి ఓనరు మొహాన కొట్టాను. వెనకనున్న కుర్చీ మీద పడి, దానితో సహా కిందకి ఒరుగుతూ నా చొక్కా పట్టుకున్నాడు. ముక్కులోంచి రక్తం కారుతున్నా వదల్లేదు. జగ్గు మళ్ళీ ఎత్తాను. నా చెయ్యి పట్టుకుని ఆపింది దెబ్బలు తిన్న ఆ మనిషే.

"సాలు బాబూ. మీరెల్లిపోతారు. రేపు నాను ఈడికే రావాల."

నోటు తీసి నాకు ఇవ్వబోయాడు. ఇచ్చినది తిరిగి పుచ్చుకోవడం మా ఇంట లేదు. నేను చెయ్యి చాచలేదు. అతను దాన్ని ఓనరు జేబులో పెట్టి, ఆయన్ని లేవదీసి కూర్చోబెట్టాడు.