వీపున మోసిన నీళ్ళు

ఇరవై రెండో కిలోమీటరు దాటాక నాకు అందరి మీదా కోపం వస్తుంది. బూట్లు అమ్మినవాడి మీద, ఈ పరుగు కనిపెట్టినవాడి మీద, బండల లోడుతో పోతూ మొహాన దుమ్ము కొట్టే తాడిపత్రి లారీల మీద, ఆషాఢం గాలి మీద. ఆ గాలి పోయేటప్పుడూ ఎదురే, వచ్చేటప్పుడూ ఎదురే అనిపిస్తుంది. పిక్కలు ముందు లాగుతాయి, తర్వాత బిగుసుకుపోతాయి. వరసగా మూడు ఆదివారాలు అలాగే ఆగిపోయి, అన్న మోపెడ్ వెనక కూర్చుని ఇంటికొచ్చాను.

నాకు నలభై మూడేళ్ళు. మండలాఫీసులో కూర్చుని చేసే ఉద్యోగం. బస్సు కోసం కూడా పరుగెత్తి ఎరగను. మా అన్నకు రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడు రోజులు అనంతపురం పోయి డయాలిసిస్ చేయించుకుంటున్నాడు. నా కిడ్నీ ఇస్తానని పోతే రక్తం గ్రూపు దగ్గరే కుదరదన్నారు. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కొన్నాళ్ళకు ఒక ట్రస్టువాళ్ళు వచ్చారు. పల్లెల నుంచి రోగుల్ని తీసుకొచ్చే వ్యాను కొనడానికి విరాళాలు కావాలి, అందుకోసం బెంగళూరులో నలభై రెండు కిలోమీటర్ల మారథాన్ పరుగెత్తి చందాలు పోగుచేసేవాళ్ళు ఉన్నారా అని అడిగారు. ముందూ వెనకా చూడకుండా పేరిచ్చేశాను. అన్నకు ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

వాళ్ళ షరతు ఒకటే. పరుగుకు నెల ముందే ముప్పై రెండు కిలోమీటర్లు ఒక్క విడతలో పూర్తి చేసి చూపించాలి. నడిచినా పర్వాలేదు, బండి మాత్రం ఎక్కకూడదు. చేతగాకపోతే పది కిలోమీటర్ల పరుగులోకి మార్చేస్తారు. డయాలిసిస్ వార్డులో మంచం మంచానికీ పోయి పూర్తి మారథాన్ పరుగెత్తుతానని చెప్పుకున్నదాన్ని, మళ్ళీ ఏ మొహం పెట్టుకుని ఆ వార్డులోకి పోను?

మా ఊరు బుక్కరాయసముద్రం నుంచి తాడిపత్రి రోడ్డున పదహారు కిలోమీటర్లు పోవడం, అంతే దూరం తిరిగి రావడం. తెల్లారకముందే ఆడమనిషి ఒక్కతే ఎలా పోతుందన్నారు ఇంట్లో. మా ఆయనకు ఆదివారం కూడా బస్సు డ్యూటీ. అందుకని అన్నే మోపెడ్ మీద వెనకాల వచ్చేవాడు. వద్దంటే వినడు. దానికి తోడు దారిలో ఎవరు ఎదురైనా ఆపుతారు. మా వైపు రోడ్డు మీద నడిచిపోయే మనిషిని చూసి బండి ఆపకపోవడం తప్పు. పరుగెత్తుతోందంటే ఇక ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే లెక్క.

"ఎవరికేమైందమ్మా? ఎక్కు, దింపుతా" అన్నాడు ఒక పెద్దాయన.

"ఎవరికీ ఏమీ కాలేదు పెద్దాయనా. ఊరికే పరుగెత్తుతాండా."

"ఊరికే పరుగెత్తేదేంది? యాడికి పోవాలో చెప్పు."

ఆయన అర కిలోమీటరు నా పక్కనే బండి నడిపాడు. ఆయన మంచితనానికి దండం పెట్టాలో, ఆ బండి తాళం పీకి చేలో పారేయాలో తెలియలేదు.

ట్రస్టు తరఫున ఫోన్లో పరుగు నేర్పే సారు మూడో ఆదివారం తర్వాత అడిగాడు, నీళ్ళు సరిగ్గా తాగుతున్నావా అని. తాగుతున్నాను సార్ అని చెప్పాను. అది అబద్ధం. ఉప్పు, చక్కెర కలిపిన నాలుగు సీసాలు వీపు సంచిలో వేసుకుని పోయేదాన్ని. ఒకటి రెండు గుక్కలు తప్ప అన్నీ ఇంటికి తిరిగొచ్చేవి. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు, మొహం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోసే ఇంట్లో పెరిగినదాన్ని. నీళ్ళు మిగిల్చి ఇంటికి తెస్తే మంచిపని చేసినట్టే ఉంటుంది నాకు.

అయితే అసలు సంగతి అది కాదు. అన్నకు రోజంతటికీ మూడు గ్లాసులే నీళ్ళు. అంతకు మించితే ఆయాసం వస్తుంది. మధ్యలో దప్పికైతే నోరు పుక్కిలించి ఉమ్మేస్తాడు. అలాంటి మనిషి వెనకాలే వస్తుంటే సీసా ఎత్తి గటగటా ఎలా తాగను? సీసాలు అతని చేతికి ఇవ్వడం కూడా ఇష్టంలేక నేనే మోసేదాన్ని. నీళ్ళు మోసుకుంటూ దప్పికతో పరుగెత్తేదాన్ని.

గడువు ఆఖరి ఆదివారం, తిరుగుదారిలో ఇరవై నాలుగో కిలోమీటరు దగ్గర రెండు పిక్కలూ ఒకేసారి పట్టేశాయి. కల్వర్టు గోడ మీద కూలబడ్డాను. వాన కోసం చూస్తున్న శెనక్కాయ చేల మీదుగా దుమ్ము లేస్తోంది. అన్న బండి దిగి, వీపు నొక్కుతోందేమోనని నా సంచి విప్పాడు. లోపలి సీసాలు ఒక్కోటీ పైకెత్తి చూశాడు.

"ఏంది మే ఇది? మూతలు గూడా తీయల్యా. ఈ నీళ్ళు ఎవరికి మోస్తాండావు?"

"నీ ముందర ఎట్ల తాగేదన్నా?" అని అరిచాను. "నువ్వు నాలుక తడుపుకుంటా వెనకాల వస్తాంటే నాకు గొంతు దిగదు. రావద్దంటే వింటివా?"

అన్న మొహం నల్లబడింది. అతనికి ఇంత కోపం రావడం జబ్బు చేశాక నేను చూడలేదు.

"తాగొద్దనింది నన్ను. నిన్ను గాదు. నువ్వు మిగిలిస్తే అవి నాకు తాపుతారా డాక్టర్లు? నా పేరు జెప్పి నువ్వు పడిపోతే నేను ఆ వార్డులో ఎవరి మొగం చూసేది?"

నా కోపం ఇంకా పోలేదు, కానీ అది ఎవరి మీదో తెలియలేదు. అన్న ఒక సీసా నా ఒళ్ళో పెట్టి, మిగతా మూడూ తీసుకున్నాడు.

"నేను ముందర పోతా. నా మొగం నీకు కనపడదు. లెయ్."

అతను పోయాక ఆ సీసా మొత్తం తాగాను. కాసేపటికి పిక్కలు కొంచెం వదిలాయి. కుంటుతూ నడిచాను, తర్వాత మెల్లగా పరుగెత్తాను. రెండు కిలోమీటర్లు పోయాక మైలురాయి మీద ఒక సీసా నిలబెట్టి ఉంది. కాస్త ముందర అన్న మోపెడ్ ఆపుకుని, నావైపు వీపు తిప్పి చేలోకి చూస్తున్నాడు. నేను తాగి, ఖాళీ సీసా సంచిలో వేసుకుని కదిలేదాకా తిరగలేదు. నా అడుగుల చప్పుడు దగ్గరయ్యాక బండి తీసి ముందుకు పోయాడు. ఇంకో రెండు కిలోమీటర్లకు ఇంకో రాయి, ఇంకో సీసా, మళ్ళీ ఆ వీపు.

ముప్పై రెండు పూర్తయ్యేసరికి ఎండ బాగా ముదిరింది. ఊరి మొదట్లో చెరువు కట్ట కింద అన్న ఆగి ఉన్నాడు. ఆఖరి సీసా చేతిలో పెట్టాడు. సగం తాగి, అలవాటు కొద్దీ మూత పెట్టబోయాను.

"అంతా తాగు" అన్నాడు. ఈసారి పక్కకు తిరగలేదు.

ఎత్తి తాగాను. నేను మింగినప్పుడల్లా అన్న గొంతు కూడా కదులుతోంది. చూశాను. సీసా దించలేదు.