నడకకు పెట్టుకున్న బొట్టు

మే 11, శనివారం. మధ్యాహ్నం. కెనడా, ఓక్‌విల్, మా ఇల్లు.

హాజరైనవారు: నేను, నా భార్య, రిటైరైన విజయవాడ డాక్టరమ్మ, గ్వెల్ఫ్‌లో చాలాకాలం పాఠాలు చెప్పిన మాస్టారు, కొడుకు దగ్గర ఉంటున్న వరంగల్ ఆమె.

రానివారు: గుంటూరు దంపతులు. వారిని పిలవలేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మీటింగుల్లో మినిట్స్ రాసే పని నా మీదే పడేది. ఆ అలవాటు డైరీలోకీ వచ్చింది. ముందు తేదీ, తర్వాత వచ్చినవాళ్ళు, ఆ తర్వాతే విషయం. ఆ రోజు పేజీలో పై మూడు సంగతులూ రాసి, విషయం రాయకుండానే డైరీ మూసేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

మాది ఏడుగురి నడక బృందం. మంచు కరిగిన దగ్గర్నుంచి మళ్ళీ పడేదాకా, ఉదయంపూట మా ఊరి చివర వాగు వెంట ఉన్న ట్రైల్ మీద నడుస్తాం. గుంటూరు దంపతులు అందులో చేరింది కిందటి ఏడాది చివర్లో. ఆయన ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. మా ఆవిడా వాళ్ళావిడా పరిచయమైన మొదటి రోజు నుంచే ఒకరినొకరు వదినా అనుకోవడంతో, ఆయనా నేనూ బావగార్లమయ్యాం. వాళ్ళు ముస్లిములు. ఆవిడ తల మీద స్కార్ఫ్ లేకుండా బయటికి రారు.

కొన్నేళ్ళ క్రితం ఇదే ప్రావిన్సులో, సాయంత్రం నడకకు వెళ్ళిన ఒక ముస్లిం కుటుంబం మీదికి ఒకడు కావాలని ట్రక్కు ఎక్కించి నలుగురిని చంపాడు. ఆ వార్త విన్నాక ఆవిడ బయట నడవడం మానేశారు. తర్వాత గుండెకి స్టెంట్ వేశారు. రోజూ నడవాల్సిందే అని డాక్టర్లు చెప్పినా, సోఫా చుట్టూ తిరిగి అయిందనిపించేవారట. మా ఆవిడ వాళ్ళింటికి పదేపదే వెళ్ళి, "మేమంతా నీ చుట్టూ ఉంటాం వదినా, ఒక్కసారి వచ్చి చూడు" అని బతిమాలి తీసుకొచ్చింది. మొదటి వారం ఆవిడ రోడ్డు మీద కారు శబ్దం వినపడినప్పుడల్లా మా ఆవిడ చెయ్యి పట్టుకునేవారు. ఈ వసంతానికి ఆ భయం పోయింది. అందరికన్నా ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి "ఏం మాస్టారూ, నాకున్న స్టెంట్ మీక్కూడా వేయించమంటారా?" అని వేళాకోళం చేసేదాకా వచ్చారు.

ఆ శనివారానికి ముందు బుధవారం పొద్దున పార్కింగ్ నుంచి ట్రైల్‌కి వెళ్ళే ఫుట్‌పాత్ మీద ఉన్నాం. ఒక పికప్ ట్రక్ మా పక్కకొచ్చి నెమ్మదించింది. అద్దం దించి, ఆ తలగుడ్డ తీసేసి మీ దేశానికి పొమ్మని ఒక మగగొంతు అరిచింది. ఐస్ వేసిన కాఫీ కప్పు వచ్చి ఆవిడ భుజానికి తగిలి పగిలింది. ట్రక్ వెళ్ళిపోయింది. నంబరు ఎవరమూ చూడలేదు.

డాక్టరమ్మ తన శాలువా తీసి ఆవిడ మెడా, స్కార్ఫూ తుడవసాగింది. ఆవిడ వేలికంటిన కాఫీ జిగురు చూసుకుని, "చక్కెర ఎంతేశాడో చూడు వదినా. నాకు షుగరని వాడికేం తెలుసు పాపం" అన్నారు. మేమంతా నవ్వాం. నవ్వు ఆగకముందే ఆవిడ ఫుట్‌పాత్ అంచు మీద కూలబడ్డారు.

పోలీసు కానిస్టేబుల్ వచ్చాడు. మర్యాదస్తుడు. ఎవరి మతం ప్రకారం వాళ్ళు బట్ట కట్టుకునే హక్కు ఈ దేశంలో ఉందనీ, జరిగింది నేరమేననీ చెప్పి, అందరి మాటలూ రాసుకుని వెళ్ళాడు. ఆ రాత్రి ఆవిడ మా ఆవిడకి ఫోన్ చేసి ఒకటే మాట అన్నారు: "నాలుగు రోజులు ఊపిరి పీల్చుకుని ఆదివారం వస్తా వదినా. మళ్ళీ ఇంట్లో కూర్చున్నానంటే ఇక లేవను నేను."

శనివారం మా ఇంట్లో కలుద్దామన్నది డాక్టరమ్మ. టీలు అయ్యేవరకూ అందరూ వాతావరణం గురించే మాట్లాడారు. తర్వాత ఆమె మొదలుపెట్టింది.

"ఆవిడ సేఫ్టీ కోసమే చెప్తున్నా. కొన్నాళ్ళు మాల్‌లో నడవమందాం. ఏసీ ఉంటుంది, సెక్యూరిటీ ఉంటుంది."

"మాల్‌లో మనమంతా నడుద్దామా, ఆవిడొక్కతేనా?" అంది మా ఆవిడ.

డాక్టరమ్మ టీ కప్పు కింద పెట్టింది. "నా జాకెట్ మీద కూడా పడింది కాఫీ. రేపు కాఫీ కాకుండా ఇంకోటి అయితే?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మనం తప్పుకుంటే వాడు గెలిచినట్టేనమ్మా. చట్టం పూర్తిగా ఆవిడ పక్షాన ఉంది."

"చట్టం మనతోని వాకింగ్‌కి వస్తదా సార్?" అంది వరంగల్ ఆమె. "నా మనవరాలు నిన్న మొకం మీదనే చెప్పింది. గ్రాండ్‌మా, దే కాంట్ టెల్ యూ అపార్ట్ అని. అంటే మనల్ని చూసినా గా వాళ్ళే అనుకుంటరట. నేను చలికి తలకు శాలువా కప్పుకుంట కద. నాకు భయమైతంది."

ఆవిడతో ఎవరు చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. అందరూ నా వైపు చూశారు, బావగార్లం కదా. నేను చెప్పనన్నాను. మా ఆవిడ, "చుట్టూ ఉంటామని పిలిచింది నేను. రావద్దని ఈ నోటితో చెప్పను" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. కడగడానికి అక్కడ గిన్నెలేమీ లేవు.

అప్పుడే వరంగల్ ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. "పోనీ, ఆమెను రానియ్యండి. మనం బొట్టు పెట్టుకుందం. పెద్దగ, దూరంకెల్లి కనబడేటట్టు."

"ట్రక్కులో పోయేవాడికి మీ నుదురు కనిపిస్తుందా? కనిపిస్తే మాత్రం వాడికేం తెలుస్తుందమ్మా?" అన్నారు మాస్టారు. "నేనొచ్చిన కొత్తలో పాకిస్తానీ అనుకుని, పాకీ అని తిట్టి ఉమ్మేశారు. అప్పుడు నా మెడలో జంధ్యం ఉంది. వాళ్ళు చొక్కా విప్పి చూడలేదు."

"అది అప్పుడు మాస్టారూ. ఇప్పుడు యోగా క్లాసుల పుణ్యమా అని బొట్టంటే అందరికీ తెలుసు" అంది డాక్టరమ్మ. ఇక్కడి ఆసుపత్రిలో రెసిడెన్సీ శిక్షణ చేసిన రోజుల నుంచీ ఆమె నుదుట నేను బొట్టు చూడలేదు. "ఆవిడ్ని రావద్దనడం కన్నా ఇది నయం కదా. ఎవరినీ నొప్పించినట్టు ఉండదు."

అది పిచ్చిమాట అన్నాను. ఆవిడ గుంటూరులో పుట్టి పెరిగిన మనిషనీ, ట్రక్కువాడికి అర్థం కాకపోయినా ఆవిడకి చూడగానే అర్థమవుతుందనీ అన్నాను. నా మాట నెగ్గలేదు. డాక్టరమ్మని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆవిడ ఇంకా మా బృందంలో చేరకముందే, స్టెంట్ వేసిన రోజున, ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళి, పొద్దుపోయేదాకా అక్కడే కూర్చున్నది ఈ మనిషే. అందువల్లే నాకు ఎక్కువ బాధ కలిగింది. పరాయివాడు విసిరిన కప్పు గురించి పోలీసుకి చెప్పగలిగాం. దీని గురించి ఎవరికి చెప్పాలి?

మరునాడు, ఆదివారం ఉదయం, నేను బూట్ల లేసులు కట్టుకుంటుంటే మా ఆవిడ మెట్లు దిగి వచ్చింది. నుదుట బొట్టు లేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆ నుదురు ఖాళీగా నేను చూడలేదు. ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్తున్నప్పుడు కూడా స్టిక్కర్ తీయనని నర్సుతో వాదించిన మనిషి.

"ఏమిటిది?" అన్నాను.

"వాళ్ళంతా పెట్టుకుంటున్నారుగా, నేను తీసేశాను. పదండి."

దారంతా నేను ఆమె వైపు చూడలేకపోయాను. నాకలాంటి నమ్మకాలు లేవనే అనుకునేవాణ్ణి. అయినా ఆ రోజు కారు మామూలుకన్నా నెమ్మదిగా నడిపాను.

పార్కింగ్ పక్క గడ్డిలో పసుపుపచ్చ డాండెలైన్లు విరగబూశాయి. డాక్టరమ్మ ఎర్రటి గుండ్రటి స్టిక్కర్ పెట్టుకుంది. వరంగల్ ఆమె రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టుకుంది. మాస్టారు సైతం, ఎవరు బలవంతం చేశారో తెలియదు, విభూతి రేఖలు దిద్దుకుని వచ్చి మా నుంచి ముఖం తిప్పుకుని నిలబడ్డారు.

గుంటూరు దంపతుల కారు వచ్చింది. ఆవిడ కొత్త స్కార్ఫ్ కట్టుకుని హుషారుగా దిగారు. "అబ్బో, ఇవాళ ఏం పండగ? నోములేమైనా పట్టారా? మరి నాకు వాయనమేదీ?" అని నవ్వుతూ వచ్చారు. అప్పుడు మా ఆవిడని చూశారు. ఆ నుదురు చూడగానే నవ్వు ఆగిపోయి, కంగారుగా చుట్టూ వెతికారు. కారు అవతలివైపు నిలబడి ఉన్న నేను కనిపించాక గాని ఆవిడకి ఊపిరి రాలేదు.

"అన్నయ్యా, బానే ఉన్నారుగా!"

"బానే ఉన్నానమ్మా."

ఆవిడ మళ్ళీ డాక్టరమ్మ వైపు చూశారు, వరంగల్ ఆమె వైపు, మాస్టారి వైపు. తర్వాత మా ఆవిడ వైపు. అర్థమైంది. మాకెవరికీ ఏదీ చెప్పే అవసరం రాలేదు. డాక్టరమ్మ, "అది కాదండీ, మేము ఊరికే..." అని మొదలుపెట్టి ఆపేసింది.

"మీ దగ్గర ఇంకో స్టిక్కర్ ఉందా డాక్టరుగారూ?" అన్నారు ఆవిడ.

డాక్టరమ్మ బ్యాగు తెరిచి అట్ట ఇచ్చింది. ఆవిడ అందులోంచి అన్నిటికన్నా చిన్నది ఒలిచి, మా ఆవిడ గడ్డం పట్టుకుని, నుదుటి మధ్యన అతికించి బొటనవేలితో ఒత్తారు.

"ఇలాంటి పనులు చేయకు వదినా. అన్నయ్యకి మంచిది కాదు. నాకోసం అసలే చేయకు."

మా ఆవిడ ఏడుస్తోంది. ఆవిడ ఏడవలేదు. స్కార్ఫ్ సరిచేసుకుని, "మీరు నడవండి. మేం వెనకాల వస్తాం" అన్నారు.

"కలిసే నడుద్దాం బావగారూ" అన్నాను ఆయనతో. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "ఆమె మాట కానివ్వండి బావగారూ. నడవడానికి వచ్చిందిగా, నడవనివ్వండి."

డాక్టరమ్మా మిగతావాళ్ళూ తలవంచుకుని ముందుకు సాగారు. మేమిద్దరం వాగు మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాం. వాళ్ళిద్దరూ చాలా దూరంలో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వస్తున్నారు. వాళ్ళు కలుస్తారని మేం ఆగాం.

మేం ఆగడం చూసి వాళ్ళూ ఆగారు.