లైట్ బాక్సు మీద ఇసుక

గల్ఫ్‌లో సహం అనే ఊళ్లో నేను నర్సుగా చేసే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే అన్నయ్య ఒకాయన ఉండేవాడు. శుక్రవారం మేమంతా ప్రార్థనకి వెళ్తే ఆయన ఒక్కడే ఎడారికి పోయి, గాలి చెక్కిన ఇసుక మడతల్ని ఫొటోలు తీసుకొచ్చేవాడు. అన్నీ నలుపు తెలుపే. వాటిని ఎక్స్‌రే ఫిల్ము మీద ప్రింటు తీసి, లైట్ బాక్సుకి తగిలించి, ఎముకలో సన్నటి చీలిక కోసం వెతికినట్టు ఒక్కో మడత మీదా వేలు పెట్టి చూసేవాడు. చివరికి "ఇక్కడ లేడు" అని ఫిల్ము తీసేసేవాడు.

ఎవరన్నయ్యా లేనిది అని ఒకసారి అడిగేశాను.

"మా తమ్ముడమ్మా. మిలిటరీలో ఉండగా మంచుచరియ కింద కూరుకుపోయాడు. మనిషి దొరకలేదు," అన్నాడు, ఫిల్ము మీంచి చూపు తిప్పకుండా. "ఆ కొండల్లోకి నన్నెవరు పోనిస్తారు? రంగు తీసేస్తే ఇసుకైనా మంచైనా ఒక్కలాగే ఉంటుంది."

పోయిన నెల ఆయన ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి ఇంటికెళ్లిపోయాడు. మర్నాడు ఆ గదిలో లైట్ వేస్తే, బాక్సుకి ఒక ఫిల్ము ఇంకా తగిలించే ఉంది. అదే ఇసుక, అవే మడతలు. ఎంతసేపు చూసినా నాకేమీ కనపడలేదు.

కానీ లేడనుకున్న ప్రతి ఫిల్మునీ ఆయన తీసేసేవాడు. దీన్ని తీయలేదు.