నాగమ్మవ్వ టీ పెట్టె

కరోనా తగ్గిన మరుసటి ఏడు, ఎండాకాలం. ఆదోనిలో నేను పాత సామాన్ల అంగడి పెట్టి అప్పటికే చానా ఏండ్లయింది. ఇత్తడి బిందెలు, గోడ గడియారాలు అన్నీ అమ్ముతాను గానీ నా పిచ్చంతా పాతకాలపు పెట్టెల మీదే.

ఒక మధ్యాహ్నం సి.బెళగల్ దిక్కు పల్లె నుంచి ఈరన్న అనే రైతు, ఆయన భార్య లక్ష్మి వచ్చినారు. గోనెసంచిలోంచి నల్లటి చెక్కపెట్టె తీసి బల్ల మీద పెట్టినారు. తాళంచెవి పోయింది, పగలగొట్టి ఇమ్మన్నారు. దుమ్ము తుడిచేసరికి అదేందో తెలిసిపోయింది. అది టీ క్యాడీ. టీ ఆకు ఖరీదైన కాలంలో దొరలు దాన్ని తాళమేసి దాచుకున్న పెట్టె. పుస్తకాల్లో బొమ్మ చూడడమే గానీ చేత్తో పట్టుకునింది అదే మొదలు.

అది ఈరన్న అమ్మ నాగమ్మది. ఆమె తండ్రి పత్తి ప్రెస్సు దొర బంగళాలో వంట చేసేవాడంట. దొర ఊరిడిచి పోతా ఇచ్చిపోయినాడంట. ఇంటి తాళిబొట్టు నాగమ్మ అందులోనే దాచేది. కొత్తకోడలికి పెండ్లిలో ఆ బొట్టే కట్టి, తర్వాత వేరేది కట్టి దాన్ని మళ్ళీ దాచాలనేది వాళ్ళ ఆనవాయితీ. ఇప్పుడు ఈరన్న కొడుకు పెండ్లి దగ్గరపడింది. నాగమ్మకేమో పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. బొట్టు యాడుందని అడిగితే ఈ పెట్టెనే తట్టి చూపిస్తాందంట.

పగలగొట్టొద్దని బతిమాలుకొని, వెనకవైపు హింజ్‌లో, అంటే మూత బందులో, ఉండే సన్న కమ్మీని మెల్లగా తట్టి బయటికి తీసినాను. మూత లేచింది. లోపల టీ ఆకు పోసుకునే అరలు రెండు. రెండూ ఖాళీ.

ఈరన్న భార్య దిక్కు తిరిగినాడు. "పోయేదాకా తాళంచెవి నీ కాడే కదా ఉండింది?"

లక్ష్మి తల అడ్డంగా ఊపింది. "నేనెప్పుడూ తెరిసింది లేదు" అనింది. ఆ మాట నిజమని చెప్పేదానికి ఇంటికాడున్న అత్తకు మాట లేదు.

ఏం చేయాలో తోచక స్కేలు లోపలికి దించినాను. బయటి ఎత్తుకూ లోపలి లోతుకూ రెండు వేళ్ళ తేడా వచ్చింది.

"ఉండన్నా, ఏమీ అనొద్దు. కింద ఇంకో అర ఉండాది" అన్నాను.

అరల నడుమ గోడలో ఇత్తడి మేకు తల ఒకటి కనపడింది. దాన్ని పైకి లాగితే అడుగున పలక కదిలింది. సీక్రెట్ డ్రాయర్, కంటికి కనపడకుండా చేసిన సొరుగు. అందులో పసుపు గుడ్డలో చుట్టిన తాళిబొట్టు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఈరన్న తల వంచుకొని, బొట్టు తీసి లక్ష్మి ముందర పట్టినాడు. ఆమె తీసుకోలేదు. "ఆ మేకు ఎట్ల లాగాల్నో నాకు సూపియ్యన్నా" అని నన్నడిగింది. మొగుడు చూస్తాండగానే తన చేత్తో సొరుగు మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. ఆ తర్వాతే చెయ్యి చాపింది.

పెట్టె నాకమ్మమని అడిగినాను. అత్త ఉన్నన్నాళ్ళూ అది అత్త కండ్ల ముందే ఉండాలనింది లక్ష్మి. తాళం కొలతలు తీసుకొని ఎమ్మిగనూరులో కొత్త తాళంచెవి చేయించి, పెండ్లికి పోయి నేనే ఆమె చేతికిచ్చి వచ్చినాను.

అంతకుముందు పెట్టె వస్తే కొయ్య ఏది, ఏ కాలంది అని చూసేవాణ్ణి. ఇప్పుడు లోపలా బయటా కొలవందే ఏ పెట్టెనూ ఖాళీ అని పైకి అనను.