నాయన నోటు మీద నా సంతకం

నా దస్తూరి బాగుంటుందని చిన్నప్పటినుంచీ నాకు పొగరు. ముప్పైయేండ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, నల్లబల్ల మీద నా రాత చూసి పక్క క్లాసు అయివార్లు కూడా నిలబడేవాళ్ళు. ఆ పొగరుతోనే బతుకులో అన్నిటికంటే అందంగా పెట్టిన సంతకం, అన్నిటికంటే తెలివితక్కువ సంతకం కూడా అయింది. కొమ్ములూ దీర్ఘాలూ అన్నీ పెట్టినాను. బుద్ధి ఒక్కటే పెట్టలేదు.

నాయనది నగరిలో మరమగ్గాల షెడ్డు. షెడ్డు బాడుగది, నాలుగు మగ్గాలు మాత్రం ఆయనవి. ఆయన పోయిన రోజు అవి ఆగినాయి. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన మాకు, ఆ నిశ్శబ్దంలో ఎవరొచ్చినా ముందు చెప్పులే వినపడేవి. మూడోరోజు నుంచీ ఒక జత చెప్పులు తప్పకుండా వినపడేవి. నాయనకు నూలు అరువిచ్చే వ్యాపారివి. వచ్చి షెడ్డు ముందర బెంచీ మీద కూర్చుంటాడు. ఏమీ అడగడు. కాఫీ ఇస్తే తాగుతాడు. మగ్గాలవైపు చూస్తా పెదవులు కదిలిస్తాడు. జపం చేస్తున్నాడేమో, పాపం, ఎంత అభిమానమో అనుకున్నాను.

"అన్నా, ఆయప్ప మగ్గాలు ఎంచుతాండాడు," అనింది చెల్లెలు.

"ఉండేది నాలుగే గదమ్మా, పదిరోజులుగా ఎంచేదేముండాది?"

"ఎంచేది మగ్గాల్ని కాదేమో, మనల్నేమో," అన్నాడు తమ్ముడు. 

పదహారో రోజు కర్మ. మావాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. మేనమామ తలగుడ్డ కట్టినాక పెద్దకొడుకు పందిట్లో నిలబడి, పోయినాయన ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండని మూడుసార్లు గట్టిగా అడగాలి. మామూలుగా ఎవరూ పలకరు. అడగడం మర్యాద, పలక్కపోవడం తిరుగు మర్యాద. ఉన్న లెక్కలు తర్వాత ఇంట్లో కూర్చొని చూసుకుంటారు. నేను పాఠం చెప్పే గొంతుతో మూడుసార్లు అడిగినాను. మూడోసారికి బెంచీ కిర్రుమనింది.

"నాది ఉండాది అయివారూ," అంటా నూలాయన జేబులోనుంచి నాయన ప్రోనోటు తీసినాడు. "ఇంకో వారానికి మూడేండ్లు నిండతాది. నిండితే కోర్టులో చెల్లదు. నేనేం మిమ్మల్ని దుడ్లడగలే. మీ పేరుతో తిరగరాసి ఇస్తే సాలు. మీ నాయన మాట నిలబడతాది."

తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ముగ్గురం కూర్చొని మాట్లాడుకుందాం అన్నా. అప్పు ముగ్గురిదీ గదా."

పందిరంతా నన్నే చూస్తోంది. తలగుడ్డ బిగుతుగా ఉండి మెదడుకు రక్తం అందలేదని ఇప్పుడు సాకు చెప్పుకుంటాను. "పెద్దకొడుకును నేనుండంగా మీకెందుకురా," అని, ఆయన ముందే రాసి తెచ్చుకున్న కొత్త నోటు మీద సంతకం పెట్టేసినాను. ఆయన పాత నోటును నాలుగు ముక్కలుగా చించి ఎంగిలి ఇస్తరాకుల్లో పారేసినాడు. అన్ని రోజులు కాఫీ తాగినవాడు ఆరోజు మంచినీళ్ళు కూడా ముట్టకుండా పోయినాడు.

చిత్తూరు కోర్టు దగ్గర తెలిసిన వకీలుంటే పోయి జరిగింది చెప్పినాను. పెద్దాయన. విని, చెడ్డ కబురు చెప్పేముందు డాక్టర్లు తీసినట్టు కళ్ళద్దాలు తీసినాడు.

"నాయన అప్పు నాయన ఆస్తి ఉన్నంతవరకే, అప్పా. ముగ్గురూ వాటాలకొద్దీ దాంట్లోనుంచి తీర్చాల. సాలకపోతే మీ సొంత జేబులో చెయ్యి పెట్టే హక్కు ఎవనికీ లేదు. ఇటలీలో కూడా వాటాల ప్రకారమే పంచుకుంటారంట. కాకపోతే ఆ దేశంలో వారసులు ముందు ఆస్తి జాబితా రాయించి, ఆస్తికి మించిన అప్పు మాకొద్దని చెప్పుకోవాలంట. మనకు ఆ రాసే పని కూడా లేదు. నోరు మూసుకొనుంటే సాలు."

"నేను మూసుకోలేదే!"

"అదే గదా. ఇప్పుడది మీ నాయన అప్పు కాదు, నీ అప్పు. తిరపతిలో నీకు ఇల్లుండాదా?"

ఉంది. ఇరవైయేండ్ల జీతం అంతా అందులోనే ఉంది. "ఉండాది," అన్నాను. ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకోలేదు. తిరిగొచ్చే బస్సులో ఎవరు ఎవర్ని "అప్పా" అని పిలిచినా, నాకు ఆ చివరి దీర్ఘం కొమ్ముగానే తోచింది.

తర్వాతి నెలనుంచీ నూలాయన తిరపతిలో మా వీధికి వచ్చేది మొదలుపెట్టినాడు. ఏమీ అడగడు. ఎదురింటి నీడలో నిలబడతాడు. ఒకరోజు మా కాంపౌండు గోడ పొడుగూతా అడుగులు ఎంచుకుంటా నడిచినాడు. మా ఇంటామె ముగ్గుపిండి గిన్నెతో లోపలికొచ్చేసింది.

"గోడను తట్టి సూసినాడు, టెంకాయను తట్టినట్టు," అనింది. ఆ రోజునుంచి పగటిపూట కూడా వాకిలి తలుపు గడియ తీయలేదు.

చివరికి మగ్గాలు పాత ఇనుముకు పోయినాయి. తమ్ముడూ చెల్లెలూ వాళ్ళ వాటా నాకే వదిలేసినారు. అయినా సగం కూడా తీరలేదు. మిగతాదంతా నా పీఎఫ్. ఇల్లు నిలబడింది, నేను కొంచెం వంగినాను.

మరుసటేడు నూలాయన తండ్రి పోయినాడు. పదహారో రోజు, పిలవకుండానే పోయినాను. నూలాయన తలగుడ్డతో నిలబడి మూడుసార్లు అడిగినాడు. మూడోసారికి నేను లేచినాను.

"నాది ఉండాది."

వంటవాళ్ళు కూడా గరిటెలు ఆపినారు. ఆయన మొహం నీళ్ళలో ముంచిన చవక చీరలాగా వెలిసిపోయింది.

"మీ నాయన మా నాయన దగ్గర లుంగీ ఒకటి అరువు తీసుకున్నాడు. పచ్చ గళ్ళది. మా నాయన పుస్తకంలో ఉండాది." అబద్ధం కాదు, ఆ పేజీ జేబులో పెట్టుకొనే పోయినాను.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన గబగబా జేబులో చెయ్యి పెట్టినాడు.

"వద్దప్పా, నేనేం మిమ్మల్ని దుడ్లడగలే," అన్నాను. "మీ పేరుతో రాసిస్తే సాలు. మీ నాయన మాట నిలబడతాది."

వాళ్ళ మేనమామే కాగితం తెచ్చినాడు. అంతమంది ముందర కాదనలేక రాసినాడు. సంతకం కోడి గెలికినట్టుంది.

ఆ నోటు నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు నగరికి పోయి ఆయన అంగడి ముందర బెంచీ మీద కూర్చుంటాను. ఏమీ అడగను. కాఫీ ఇస్తే తాగుతాను. లేచి వచ్చేటప్పుడు గోడను ఒకసారి తట్టి వస్తాను.