అద్దంలో వెనక తలుపు

ఖదీజక్కది పుంగనూరు. నాది మదనపల్లె. మిషన్ ఆసుపత్రి వీధిలో నాకో బ్యూటీ పార్లరు ఉంది, పెళ్లికూతుళ్లకు మేకప్ వేస్తాను. ఖదీజక్క ఆ పెళ్లిళ్లలోనే ఆడవాళ్ల వైపు ఫోటోలు తీసేది. ‘తీసేది’ అని రాయాల్సి వచ్చింది చూడండి, ఆ మంటతోనే ఇదంతా రాస్తున్నాను. కుప్పం వాళ్ల పేర్లు మార్చాను. వాళ్ల మీద జాలితో కాదు, ఖదీజక్క మార్చమంది గనక.

ముస్లిముల పెళ్లిళ్లలో ఆడవాళ్ల గదిలోకి మగ ఫోటోగ్రాఫర్ని రానివ్వని ఇళ్లు మా వైపు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఆ గదిలో బురఖాలు మేకులకు వేలాడుతుంటాయి. ముసలమ్మలు కాళ్లు చాపుకుని పాటలు పాడతారు, పడుచుపిల్లలు జుట్టు విరబోసుకుని ఆడతారు. అక్కడ ఫోటో తీయాలంటే ఆడమనిషి కావాలి, అందులోనూ నోరు కట్టుకోగల ఆడమనిషి కావాలి. మా రెండు మూడు తాలూకాలకూ కలిపి ఆ మనిషి ఖదీజక్క ఒక్కతే. భర్త సిరాజుద్దీన్ పుంగనూరులో చిన్న స్టూడియో పెట్టినప్పుడు చూసి చూసి నేర్చుకుంది. సెల్‌ఫోన్లు వచ్చాక సిరాజ్ అన్న స్టూడియోను సగం చేసి రీచార్జి దుకాణం పెట్టుకున్నాడు. కెమెరా ఆమెకు మిగిలింది.

ఆమెకో పద్ధతి ఉండేది. పెళ్లి అయిపోయాక పెళ్లికూతురి తల్లి పక్కన కూర్చుని, కెమెరా వెనక ఉండే చిన్న తెర మీద ఒక్కో ఫోటో చూపించేది. తల్లి వద్దన్నదాన్ని అక్కడికక్కడే తుడిచేసేది. తరువాత ఫోటోలన్నీ ఉన్న మెమరీ కార్డును కెమెరాలోంచి తీసి ఆ తల్లి చేతిలో పెట్టేది. తన దగ్గర ఒక్క బొమ్మ కూడా ఉంచుకునేది కాదు. ‘‘ఆడోళ్ల గది సంగతి ఆ గదిలోనే ఉండాల షైలూ. నేను బయటికి వచ్చినాక నాకేమీ తెలీదు’’ అనేది. ఆ నమ్మకమే ఆమె అన్నం. అంత మంచి ఫోటోలు తీసి కూడా, చూపించుకోవడానికి ఆమె దగ్గర ఒక్క ఆల్బమ్ లేదు.

పాత కెమెరాతో పన్నెండేళ్లు లాగింది. ఆ గదుల్లో ఒక ట్యూబులైటు, దానికి తోడు పరదాలు. చీకట్లో తీస్తే బొమ్మంతా రవ్వ చల్లినట్టు వచ్చేది. ఇదివరకు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రతి పెళ్లికూతురి చేతిలోనూ ఫోను, ఫోనులో ఊళ్లో లేని పెళ్లిళ్లన్నీ. బెంగుళూరు నుంచి జీన్సు ప్యాంట్లలో ఆడపిల్లలు పెద్ద కెమెరాలు వేసుకుని దిగడం మొదలైంది. ‘‘ఖదీజా మనిషి బంగారమే గానీ ఫోటోలు పాతకాలంవి’’ అన్న మాట నా పార్లరులోనే, నా కుర్చీలో కూర్చుని ఒకావిడ అంది. నేను వెళ్లి చెప్పాను. చెప్పకపోతే ఇంకొకరు చెప్పేవాళ్లు.

ఖదీజక్క రెండు నెలలు ఆలోచించి స్కూటీ అమ్మేసింది, చేతికున్న రెండు గాజులూ అమ్మేసింది, ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనుక్కుంది. ఫుల్ ఫ్రేమ్ అంటే ఏమిటక్కా అని అడిగాను. ‘‘లోపల బొమ్మ పడే పలక పెద్దది. సీకట్లో గూడా రవ్వ రాదు. గోడంత సైజు వేసినా రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు’’ అంది. ఆ రోజు ఆమె ముఖం చూడాలి. నలభై ఐదేళ్ల మనిషి, బడికి కొత్త సంచి కొనిచ్చిన పిల్లలాగా కెమెరాను ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంది. స్కూటీ లేదు కదా, ఇక బస్సులే.

ఆ కెమెరాను నేను బాగా తిట్టుకున్నాను. పెళ్లికూతురి చెంప మీద నేను పూసిన పౌడరు మెడ దగ్గర ఎక్కడ ఆగిపోయిందో గీత గీసినట్టు చూపించేది. ‘‘నీ కెమెరాకు కొంచెం సిగ్గు నేర్పించక్కా’’ అంటే నవ్వేది. ఆరు నెలలు బాగానే గడిచాయి. గురువారం నుంచి ఆదివారం దాకా ఖాళీ లేకుండా తిరిగింది.

తరువాత కుప్పం పెళ్లి వచ్చింది.

పెళ్లికూతురు అఫ్సానా. తల్లి జైబున్ బీ. పెళ్లికొడుకుది మా మదనపల్లె, బట్టల వ్యాపారం, పరువు గురించి రోజుకు నాలుగుసార్లు మాట్లాడే ఇల్లు. అఫ్సానాకు హుమా అని ఒక అక్క. హుమా భర్తను వదిలేసి పుట్టింటికి వచ్చి మూడేళ్లయింది. భర్త కొట్టేవాడని నాకు తరువాత తెలిసింది. ఇంటికొచ్చేసిన ఆడపిల్ల ఉందంటే చిన్నదాని సంబంధం చెడుతుందని, పెద్దది మొగుడితో కువైట్‌లో ఉందని జైబున్ బీ మగపెళ్లివారికి చెప్పింది. పెళ్లిరోజు హుమాను వెనక వంటగదిలో ఉంచి, బయటికి రావద్దని గట్టిగా చెప్పింది. పొద్దున నేను అఫ్సానాకు మేకప్ వేస్తుంటే నాకు టీ తెచ్చిచ్చింది ఆ పిల్లే. వంటమనిషి కూతురనుకున్నాను. ఖదీజక్కకూ ఆ పిల్ల ఎవరో తెలియదు.

నిఖా అయ్యాక పెళ్లికొడుకును ఆడవాళ్ల గదిలోకి తెచ్చారు. ఇద్దరినీ కూర్చోబెట్టి, మధ్యలో ఖురాన్ పెట్టి, తలల మీద ఎర్ర ఓణీ కప్పి, పెళ్లికూతురి ముఖాన్ని మొదటిసారి అద్దంలో చూపిస్తారు. దాన్ని జల్వా అంటారు. ఓణీ ఎత్తగానే ఖదీజక్క అద్దంలోకి గురిపెట్టి తీసింది. ఆ ఫోటో అంత తేలిక కాదట. అద్దం పట్టుకున్న గోరింటాకు చేతులు దగ్గర, అద్దంలో ముఖం దూరం. పాత కెమెరాతో ఒకటి స్పష్టంగా వస్తే ఇంకొకటి మసకబారేది. రెండూ రావాలంటే కెమెరా కన్ను బాగా చిన్నది చేయాలి, అప్పుడు వెలుతురు చాలదు. కొత్త కెమెరాకు ఆ వెలుతురు చాలింది. చేతులు, ముఖం, ముఖం వెనక ఉన్నదంతా స్పష్టంగా పడింది.

వెనక వంటింటి తలుపు ఉంది. గదిలో అందరూ పెళ్లికొడుకు ముఖం ఎలా మారుతుందా అని చూస్తున్నారు. హుమా తలుపు జానెడు తీసింది. చెల్లెలి వీపు వైపు ఉన్న మనిషికి చెల్లెలి ముఖం కనబడాలంటే ఆ అద్దం ఒక్కటే దారి.

సాయంత్రం జైబున్ బీ, ఖదీజక్క పద్ధతి ప్రకారమే కూర్చున్నారు. ఆ మూడంగుళాల తెర మీద ఖదీజక్క అఫ్సానా కళ్లు పెద్దవి చేసి చూపించింది. జైబున్ బీ కళ్లజోడు కూడా పెట్టుకోకుండా మురిసిపోయింది. ‘‘దీన్ని పెద్దదిగా వేయించి అల్లుడింటికి ఇయ్యాల’’ అంది. ఖదీజక్క కార్డు తీసి ఆమె చేతిలో పెట్టి బస్సెక్కింది.

పెళ్లయ్యాక వచ్చే శుక్రవారాలు కొత్త జంటను పిలిచి విందులు పెడతారు. మూడో శుక్రవారం విందుకు ముస్తాబు చేయమని అఫ్సానా నన్ను అత్తగారింటికి పిలిపించింది. నేను వెళ్లేసరికి పడకగదిలో గోడ మీద ఆ ఫోటో ఉంది, తలుపంత సైజులో. దాని ముందు అత్తగారూ, చూడవచ్చిన బంధువు ఒకావిడా నిలబడి ఉన్నారు.

బంధువావిడ వేలు పెట్టి చూపించింది. ‘‘ఈ తలుపుకాడ ఉండే పిల్ల ఎవరు? అచ్చం మీ కోడలి మాదిరే ఉండాదే.’’

అత్తగారు దగ్గరికి వెళ్లి చూసింది. నేనూ చూశాను. నాకు టీ ఇచ్చిన పిల్ల. కుడి కనుబొమ్మ మీద పాత గాయం మచ్చతో సహా కనిపిస్తోంది. నవ్వుతోంది. చెల్లెల్ని చూసి, తనను ఎవరూ చూడడం లేదనుకుని, నోరంతా తెరిచి నవ్వుతోంది.

‘‘ఎవరమ్మా ఇది?’’ అంది అత్తగారు కోడలితో.

అఫ్సానాకు పంతొమ్మిదేళ్లు. అబద్ధం ఆడడానికి సమయం చాల్లేదు. ‘‘మా అక్క’’ అంది.

‘‘మీయక్క కువైట్‌లో గదా ఉండేది?’’

అఫ్సానా ఏడ్వడం మొదలుపెట్టింది. ఆ రోజు మేకప్ వేయలేదు. బ్రష్షులు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

రెండు ఇళ్ల మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు గానీ, చివరికి తేలింది మాత్రం ఇది. హుమా సెలవు మీద వచ్చిందని, పెళ్లిరోజు తెల్లవారుజామునే దిగి అలిసిపోయి వెనక పడుకుందని జైబున్ బీ చెప్పింది. పరువు గల వాళ్లు నమ్మినట్టు నటించారు. గోడ మీది ఫోటో తీసి పొయ్యిలో పెట్టారు, కార్డు విరగ్గొట్టారు. ఇక తప్పు ఎవరిదో ఒకరిది కావాలి. అబద్ధం ఆడిన తల్లిది అంటే సంబంధం పోతుంది. ఆడించిన మగపెళ్లివారిది అనడానికి మా వైపు ఇంకా ఎవరికీ నోరు రాలేదు. మిగిలింది బస్సులో తిరిగే ఖదీజక్క.

‘‘పెద్ద కెమెరా కొనింది. పరదా ఎనకాల ఉండే ఆడోళ్లను గూడా దొంగతనంగా తీస్తాండాది. మనకు సూపించేది ఒకటి, లోపల ఉండేది ఒకటి.’’ ఇది జైబున్ బీ మాట. కుప్పంలో పుట్టి పలమనేరు మీదుగా పుంగనూరు చేరి, నా కుర్చీ దాకా వచ్చింది. ఫలానా ఫోటో అని ఆమె చెప్పలేదు, చెబితే తన గుట్టే బయటపడుతుంది. ఫలానా అని చెప్పకపోవడం వల్ల ప్రతి ఇంటికీ తమ ఫోటోలే గుర్తొచ్చాయి. పన్నెండేళ్ల నాటి పెళ్లికూతుళ్లు కూడా తమ బొమ్మలు ఎక్కడున్నాయోనని భయపడ్డారు. ఒప్పుకున్న పెళ్లిళ్లు ఒకటొకటే పోయాయి. బెంగుళూరు పిల్లలు వచ్చారు. వాళ్లు ఫోటోలన్నీ ల్యాప్‌టాపులో వేసుకుని వెళతారు, అడిగే దిక్కులేదు.

నేను పుంగనూరు వెళ్లి, ఆ గోడ మీద చూసినదంతా చెప్పి, ఆమె మీద అరిచాను. ‘‘నువ్వు నోరు ఎందుకు తెరవవక్కా? ఆ పిల్లను దాచిపెట్టింది వాళ్లు. ఆ మాట ఒక్కటి చెప్పు, ఊరంతా వాళ్ల ముఖం మీద ఉమ్ముతుంది.’’

‘‘చెప్తే ఆ పిల్ల బతుకు బజార్న పడుతుంది’’ అంది ఆమె. ‘‘ఆడోళ్ల గది సంగతి. నేను చెప్పకూడదు.’’

‘‘నీ బతుకు పడింది కదా.’’

‘‘నా బతుకును పడేసింది కెమెరా షైలూ. అది కొన్నప్పుడు, దాంట్లో ఎంత కనబడుతుందో నేను సూసుకోలేదు. ఎప్పుడూ బొమ్మలు ఉంచుకోనిదాన్ని, మూలమూలా పెద్దవి చేసి సూసే అలవాటు యాడుంది నాకు?’’

నాకు ఆ రోజు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. మంచితనం అనేది ఒక్కోసారి ఎదుటివాళ్లకు ఎంత సౌకర్యంగా ఉంటుందో చెప్పలేను.

ఇప్పుడు ఆ కెమెరా సిరాజ్ అన్న రీచార్జి దుకాణంలో, ఒక తెల్ల దుప్పటి ముందు స్టాండు మీద ఉంది. పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీస్తుంది. హాల్‌టికెట్లకు, పింఛన్లకు, బ్యాంకు పాసు పుస్తకాలకు. గోడంత బొమ్మ వేయగల కెమెరా బొటనవేలంత బొమ్మలు తీస్తోంది.

మొన్న శ్రావణంలో నేను ఆ దుకాణంలో ఉండగా బురఖా వేసుకున్న అమ్మాయి వచ్చింది. వెంట వచ్చిన అన్న ఎదురుగా టీ బంకు దగ్గర ఆగాడు. లోపలికొచ్చి ముసుగు తీసింది. కనుబొమ్మ మీద మచ్చ. హుమా.

ఖదీజక్క లేచి నిలబడింది. ఎవరో పోల్చుకోలేదు. ‘‘కుప్పం పిల్ల’’ అని నేనే చెప్పాను.

‘‘వీసాకు ఫోటో కావాల ఆపా’’ అంది హుమా. ‘‘కువైట్‌కు పోతాండాను. ఒక ఇంట్లో వంట పని. సెలవు అయిపాయ, ఇంకా పోలేదేమని చెల్లెలి అత్తగారోళ్లు అడగతాండారంట. అమ్మ పొమ్మనింది.’’

చెప్పిన అబద్ధాన్ని నిజం చేయడానికి కూతుర్ని పంపిస్తున్నారు.

‘‘కుప్పంలో స్టూడియోలు లేవా పాపా?’’ అంది ఖదీజక్క నెమ్మదిగా.

‘‘ఉండాయి. మీకాడే తీయించుకోవాలనుకుంటి. ఆ పొద్దు తలుపు తీసింది నేనే గదా. నావల్ల మీకు ఇట్లాయ.’’ మళ్లీ తనే అడిగింది. ‘‘ఆ ఫోటో నాకు సూపీలేదు ఆపా. దాంట్లో నేను ఎట్లుంటిని?’’

ఖదీజక్క నా వైపు చూసింది. గోడ మీది ఆ బొమ్మను మా ఇద్దరిలో చూసినదాన్ని నేనే.

‘‘నవ్వుతాంటివి’’ అన్నాను. ‘‘శానా బాగుంటివి.’’

హుమా తల ఊపింది. వెళ్లి తెల్ల దుప్పటి ముందు స్టూలు మీద కూర్చుంది. నుదురూ చెవులూ కనబడాలని ఏజెంటు చెప్పాడట, చున్నీ వెనక్కి జరుపుకుంది. ఖదీజక్క దగ్గరికి వెళ్లి గడ్డం పట్టుకుని ముఖం నిటారుగా చేసింది. కెమెరా వెనక్కి వచ్చి తెరలోకి చూసింది.

‘‘దీనికి నవ్వకూడదు పాపా’’ అంది. ‘‘నవ్వితే వీసావోళ్లు తీసుకోరు.’’

‘‘రాదులే ఆపా’’ అంది హుమా.

ఖదీజక్క ఫోటో తీసింది. ప్రింటు వేసి, కత్తెరతో ఎనిమిది ముక్కలు చేసి, కవర్లో పెట్టి ఇచ్చింది. బయట హుమా వాళ్లన్న ఆ కవరు తీసుకుని, లెక్క చూసుకుని, జేబులో పెట్టుకున్నాడు.